సర్వీసు రికార్డులో పాత సీవియర్ రెప్రిమాండ్: రద్దు చేయమని ఇప్పుడు అడగవచ్చునా?

ప్రశ్న: మర్రిగూడ నుంచి ఒక తమ్ముడు

పెద్దలందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక గ్రామం. మా అన్న ఆర్మీలో, ఆర్టిలరీ విభాగంలో హవల్దారుగా పనిచేస్తున్నారు. ప్రస్తుతం ఆయన యూనిట్ రాజస్థాన్‌లో ఉంది. ఆయన సర్వీసు రికార్డులో 2013 నాటి ఒక సీవియర్ రెప్రిమాండ్ (తీవ్ర మందలింపు అనే శిక్ష) ఎంట్రీ ఉన్నది. దానిని తొలగించుకునే మార్గం ఉందేమో తెలుసుకోవాలని, ఆయన అనుమతితోనే ఈ ప్రశ్న రాస్తున్నాను.

జరిగిన సంగతి ఇది. మా ప్రాంతపు నీళ్ళ గురించి మీలో చాలామందికి తెలుసు. మా నాయన చిన్నతనం నుంచి ఆ ఫ్లోరైడ్ నీళ్ళే తాగి, నలభై ఏళ్ళు దాటేసరికి నడుము వంగి, కీళ్ళు బిగుసుకుపోయి, గోడ పట్టుకుని తప్ప నడవలేని స్థితికి వచ్చారు. 2013 వానకాలం చివర, అన్న సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నప్పుడే, ఆయన వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. నల్గొండలో చూసిన డాక్టర్లు హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అమ్మకు ఆసుపత్రి వ్యవహారాలు తెలియవు. రక్తం కోసం, మందుల కోసం, డాక్టర్లతో మాట్లాడటం కోసం ఉన్నది అన్న ఒక్కరే. ఆపరేషన్ అయ్యి, నాయనను ఇంటికి చేర్చి, అన్న తిరిగి యూనిట్‌కు చేరేసరికి సెలవు గడువు దాటి రెండు వారాలు కావచ్చింది.

గడువు ముగియకముందే అన్న యూనిట్‌కు ఫోన్ చేసి సెలవు పొడిగించమని కోరారు. ఫోన్ ఎత్తినవారు ఆయన పేరు, నంబరు రాసుకుని, పై వారికి తెలియజేస్తామన్నారు గానీ జవాబేమీ రాలేదు. తరువాత ఆసుపత్రి కాగితం నకలు జతచేసి ఒక దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ఆ రసీదు మా అమ్మ ఇనుప పెట్టెలో ఇప్పటికీ ఉన్నది. అన్న యూనిట్‌లో రిపోర్ట్ చేసిన తరువాత సెలవు మీరి ఉన్నందుకు చార్జ్ పెట్టి, కమాండింగ్ ఆఫీసర్ ముందు పేషీ చేశారు. అది కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. నాయన సంగతి చెప్పబోతే, ఆలస్యంగా వచ్చిన మాట నిజమా కాదా అన్నంత వరకే చెప్పమన్నారట. నిజమేనని అన్న ఒప్పుకున్నారు. సీవియర్ రెప్రిమాండ్ ఇచ్చి పంపారు.

ఆ తరువాత ఆయన మీద మరే చార్జ్ లేదు. కశ్మీర్‌లోను, లద్దాఖ్‌లోను పనిచేశారు. ఇప్పుడు నాయబ్ సుబేదార్ ప్రమోషన్ కోసం పేర్లు పరిశీలనకు వచ్చే సమయం దగ్గరపడుతుండగా ఆ పాత ఎంట్రీ ఆయనను బాగా కలవరపెడుతున్నది. ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఇతర విషయాలు అడిగినా చివరకు అక్కడికే వస్తున్నారు. ఇంత కాలం గడిచింది గనుక ఆ ఎంట్రీ దానంతట అదే పోతుందా? కుటుంబం తరఫున నేను గానీ నాయన గానీ దరఖాస్తు పెట్టవచ్చునా? మా ఎమ్మెల్యే గారితోనో ఎంపీ గారితోనో ఉత్తరం రాయించమని ఊళ్ళో కొందరు సలహా ఇస్తున్నారు, అది మంచిదేనా? సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్ళవలసి వస్తే మనకు చెన్నై అని విన్నాను, అది నిజమేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: మాజీ హవల్దార్ క్లర్కు, మిర్యాలగూడ

తమ్ముడూ, ముందుగా మీ నాయన గారికి నా నమస్కారం చెప్పండి. నేను సర్వీసులో ఉన్నంత కాలం ఈ కాగితాల మధ్యనే గడిపాను గనుక, కాగితాల వైపు నుంచి నాకు తెలిసినది చెబుతాను. చట్టం సంగతి వకీలు గారెవరైనా చెబితే బాగుంటుంది.

సీవియర్ రెప్రిమాండ్ అంటే రెడ్ ఇంక్ (ఎర్ర సిరా) ఎంట్రీ. ఉత్త రెప్రిమాండ్ అయితే బ్లాక్ ఇంక్. మీ అన్నకు వచ్చినది మొదటిది గనుక ఆయన కలవరపడటంలో అర్థం ఉన్నది. అయితే ఎంట్రీ అనేది శిక్షకు నీడ వంటిది. శిక్ష నిలిచి ఉన్నంత కాలం ఎంట్రీని ఏ క్లర్కూ, ఏ రికార్డు ఆఫీసూ ముట్టుకోలేదు. శిక్ష రద్దయితే ఎంట్రీ కొట్టివేయక తప్పదు. అందుచేత ఎంట్రీ తీసివేయండి అంటూ రికార్డు ఆఫీసుకు ఎన్ని అర్జీలు పెట్టినా, అది తమ చేతిలో లేదన్న జవాబే వస్తుంది. అడగవలసిన చోటు వేరు.

అడగడానికి ముందు చేతిలో కాగితాలు ఉండాలి. చాలామంది జవాన్లు తమ కండక్ట్ షీట్‌ను, అంటే శిక్షలు నమోదయ్యే పత్రాన్ని, ఒక్కసారి కూడా తమ కళ్ళతో చూడరు. క్లర్కు చెప్పినదే వింటారు. ఆ షీట్‌లో ఒక్కొక్క ఎంట్రీ అడ్డంగా గడులలో ఉంటుంది. నేరం జరిగిన స్థలం, తేదీ, అప్పటి ర్యాంకు, నేర వివరం, సాక్షుల పేర్లు, ఇచ్చిన శిక్ష, శిక్ష ఇచ్చిన తేదీ, ఇచ్చిన అధికారి ఎవరన్నది వరుసగా రాసి ఉంటాయి. మీ అన్న ఆ వరుసలో రెండు గడులను శ్రద్ధగా చూడాలి. ఒకటి ర్యాంకు, రెండవది శిక్ష ఇచ్చిన తేదీ. 2013లో ఆయన గన్నరా (ఆర్టిలరీలో సిపాయి), లాన్స్ నాయకా (దాని పై ర్యాంకు) అన్నది మీరు రాయలేదు. ఇది చిన్న విషయమని అనుకోకండి. ఎందుకన్నది కింద ఎవరైనా న్యాయవాది చెబుతారని ఆశిస్తున్నాను.

ఆ షీట్‌తో పాటు మరి కొన్ని కాగితాలు కావాలి. చార్జ్ రాసిన ఆఫెన్స్ రిపోర్ట్ నకలు, సెలవు మంజూరు చేసిన పార్ట్ టూ ఆర్డర్ (జవాను సర్వీసు వివరాలను నమోదు చేసే ఉత్తర్వు), శిక్షను ప్రకటించిన పార్ట్ టూ ఆర్డర్, లాన్స్ నాయక్ ఫీతీ (ర్యాంకు పట్టీ) ఎప్పుడు పడిందో చెప్పే పార్ట్ టూ ఆర్డర్. సెలవు మీరిన ఆ రోజులను తరువాత ఏ విధంగా సర్దారన్నది కూడా చూడండి. జీతం కోత పెట్టారా, లేక ఆయన ఖాతాలో మిగిలిన సెలవులో కలిపారా? సెలవులో కలిపి ఉంటే, ఆ గైర్హాజరీకి తగిన కారణం ఉన్నదని ఆ రోజుల్లోనే ఎవరో ఒక అధికారి ఒప్పుకున్నారని చెప్పుకోవడానికి అది ఒక ఆధారం అవుతుంది.

వీటిని ముందు యూనిట్‌లోనే బ్యాటరీ (ఆర్టిలరీ యూనిట్‌లోని ఉపవిభాగం) కమాండర్ ద్వారా రాతపూర్వకంగా అడగాలి. అక్కడ దొరకకపోతే నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే సెక్షన్ 19 కింద మొదటి అప్పీలు ఉన్నది. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ వంటి దళాలను ఆ చట్టం రెండవ షెడ్యూల్‌లో చేర్చి మినహాయించారు గానీ ఆర్మీ ఆ జాబితాలో లేదు. అయితే ఆ దరఖాస్తు మీ అన్న స్వయంగా పెట్టుకోవాలి. మీరు పెడితే వేరొక వ్యక్తి సొంత సమాచారం అంటూ తిప్పి పంపుతారు, అది సహజం కూడా.

మీ ఇంట్లో ఉన్న రిజిస్టర్డ్ పోస్టు రసీదు సంగతి మరొక్క మాట. మా రోజుల్లో ఇంటి దగ్గర ఏదైనా ఆపద వస్తే యూనిట్‌కు టెలిగ్రాం కొట్టేవాళ్ళం, ఆ కాగితం యూనిట్ ఫైల్లో కూర్చునేది. ఆ టెలిగ్రాం సేవ 2013 జూలైలో మూతపడింది. కాబట్టి ఆ వానకాలం చివర మీ అన్నకు ఉన్న దారులు ఫోను, ఉత్తరం మాత్రమే, ఆయన ఆ రెండూ చేశారు. ఆ రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి, మీద ఉన్న తేదీ ముద్ర చెరిగిపోకముందే రంగుల నకలు తీయించండి. ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ తేదీ ఉన్న కాగితం, ఆ రోజుల ఎక్స్‌రేలు కూడా వెదకండి. ఇంట్లో లేకపోతే ఆసుపత్రి మెడికల్ రికార్డు విభాగంలో మీ నాయన గారి సంతకంతో అడగండి.

జవాబు: రిటైర్డ్ సుబేదార్, వనపర్తి

నేను కొంచెం వేరుగా ఆలోచిస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఒకే ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ, అది కూడా ఇన్నేళ్ళ కిందటిది. ఆ తరువాత మచ్చలేని సర్వీసు, కశ్మీరు, లద్దాఖ్. నాకు తెలిసినంతలో ఇటువంటి ఎంట్రీ ఉండి కూడా జేసీవోలు (నాయబ్ సుబేదార్, ఆ పై ర్యాంకులవారు) అయినవారు ఉన్నారు. పదిహేనేళ్ళ సర్వీసు పూర్తి చేసిన జవాను పింఛనుకు ఇటువంటి ఎంట్రీ అడ్డం రాదు. ప్రమోషన్ పరిశీలన ముంగిట ఫిర్యాదు పెడితే యూనిట్‌లో కొత్త తలనొప్పి మొదలవుతుందని నా భయం. ముందు మీ అన్నను సీవో (కమాండింగ్ ఆఫీసర్) గారి ఇంటర్వ్యూ అడగమనండి. ఇప్పటి సీవో ఆనాటి సీవో కారు. మనసు విప్పి మాట్లాడితే సగం సంగతి అక్కడే తేలుతుంది. ఆ మాటల్లో ప్రమోషన్ నిబంధనల ప్రకారం ఈ ఎంట్రీ నిజంగా అడ్డమా కాదా అన్నది స్పష్టంగా అడగమనండి. అడ్డం కానిదాని కోసం పోరాటం ఎందుకు?

ఎమ్మెల్యే ఉత్తరం మాట మాత్రం మరిచిపోండి. సర్వీసు విషయాల్లో బయటి పలుకుబడి తెప్పించడం ఆర్మీలో క్రమశిక్షణకు విరుద్ధం. ఆ ఉత్తరం మేలు చేయకపోగా, మీ అన్నను సంజాయిషీ అడిగే పరిస్థితి తెస్తుంది. ఊళ్ళో వాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు గానీ, తహసీల్ ఆఫీసులో పనికి వచ్చే పద్ధతి అక్కడ పనికి రాదు. మీకు తోడు కావాలంటే నల్గొండలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. దరఖాస్తు ఎలా రాయాలో, ఎవరికి పంపాలో చెప్పడం వారి పనిలో భాగమే.

జవాబు: న్యాయవాది, నల్గొండ

క్లర్కు గారు ర్యాంకు గడిని చూడమనడం ఈ చర్చలో అన్నిటికంటె విలువైన సలహా. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆర్మీ యాక్ట్ 1950లో సెక్షన్ 80 కమాండింగ్ ఆఫీసర్‌కు కోర్ట్ మార్షల్ లేకుండానే, అంటే సమ్మరీ పద్ధతిలో, కొన్ని శిక్షలు ఇచ్చే అధికారం ఇస్తుంది. 28 రోజుల వరకు సైనిక కస్టడీలో ఖైదు, నిర్బంధం, లైన్లు దాటకుండా కట్టడి, అదనపు గార్డు డ్యూటీలు, జరిమానా వంటివాటితో పాటు సీవియర్ రెప్రిమాండ్, రెప్రిమాండ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కానీ ఆ వెనుకనే ఉన్న సెక్షన్ 81 ఈ అధికారానికి హద్దులు గీస్తుంది. ఖైదు, నిర్బంధం, కట్టడి అనే మూడింటినీ ఎన్‌సీవోలకు (లాన్స్ నాయక్ నుంచి హవల్దార్ వరకు ఉన్న ర్యాంకులవారికి) ఇవ్వకూడదు. అదే విధంగా సీవియర్ రెప్రిమాండ్‌ను గానీ రెప్రిమాండ్‌ను గానీ ఎన్‌సీవో కంటె కింది ర్యాంకువారికి ఇవ్వకూడదు. ఈ రెండవ హద్దు ఆ సెక్షన్ నాలుగవ ఉపసెక్షన్‌లో సూటిగా ఉన్నది. కాబట్టి శిక్ష ఇచ్చిన నాటికి మీ అన్న గన్నర్ అయితే, ఆ శిక్షను ఆయనకు ఇచ్చే అధికారమే కమాండింగ్ ఆఫీసర్‌కు లేదు. అప్పటికే లాన్స్ నాయక్ అయితే మాత్రం ఈ వాదన నిలవదు. యాక్టింగ్ (తాత్కాలిక) ర్యాంకులో ఉన్నవారు కూడా చట్టం దృష్టిలో ఎన్‌సీవోలే. అందుకే ఫీతీ పడిన పార్ట్ టూ ఆర్డర్ తేదీనీ, శిక్ష ఇచ్చిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండవ వాదన కారణానికి సంబంధించినది. సెలవు మీరి ఉండటాన్ని సెక్షన్ 39 నేరంగా చెబుతుంది గానీ, తగిన కారణం లేకుండా మీరినప్పుడే అది నేరమవుతుంది. అంటే ఆలస్యంగా వచ్చినట్టు ఒప్పుకోవడమూ, నేరం ఒప్పుకోవడమూ ఒకటి కావు. తండ్రి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరగడం, ఇంట్లో వేరే దిక్కు లేకపోవడం, గడువు లోపలే ఫోన్ చేయడం, తరువాత దరఖాస్తు పంపడం, ఇవన్నీ తగిన కారణం ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు సంబంధించినవి. ఆర్మీ రూల్స్ 1954లోని 22వ రూల్ ప్రకారం చార్జ్ విచారణ నిందితుని సమక్షంలో జరగాలి. సాక్షులను ప్రశ్నించడానికి, తన తరఫు సాక్షులను పిలవడానికి, తన వాంగ్మూలం చెప్పుకోవడానికి ఆయనకు పూర్తి స్వేచ్ఛ ఉండాలి. అవునా కాదా అన్నంత వరకే చెప్పమంటే ఆ స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు. అయితే ఇన్నేళ్ళ తరువాత ఆ గదిలో ఎవరు ఏమన్నారో నిరూపించడం కష్టం. కాబట్టి ఈ వాదనను రసీదు, ఆసుపత్రి కాగితాల మీద నిలబెట్టాలి, జ్ఞాపకాల మీద కాదు.

ఇక ఎవరిని అడగాలి అన్నది. సెక్షన్ 87 ప్రకారం, ఇచ్చిన శిక్ష చట్టవిరుద్ధమని గానీ, అన్యాయమని గానీ, మితిమీరినదని గానీ తోచినప్పుడు పై సైనికాధికారి దానిని రద్దు చేయవచ్చు, మార్చవచ్చు, తగ్గించవచ్చు. కమాండింగ్ ఆఫీసర్ ఇచ్చిన శిక్ష విషయంలో, కమాండ్‌లో ఆయన కంటె పైన ఉన్న ఏ అధికారి అయినా ఆ పై అధికారే అవుతారని సెక్షన్ 88 చెబుతుంది. శిక్ష పాతబడిందన్న కారణం ఆ మూడింటిలో లేదని గమనించండి. కాలం గడిచింది కాబట్టి తీసివేయండి అని అడిగితే సానుభూతి దొరకవచ్చు గానీ ఉత్తర్వు దొరకదు. ఫిర్యాదు చేసే హక్కు సెక్షన్ 26 ఇస్తుంది. అది ఆ చట్టం వర్తించే వ్యక్తికి, అంటే సర్వీసులో ఉన్న మీ అన్నకు ఉన్న హక్కు. నాయన గారికో మీకో లేదు. మొదట తన బ్యాటరీ కమాండర్‌కు ఇవ్వాలి, అక్కడి నుంచి వరుసగా పైకి వెళుతుంది. రిటైర్ అయిన మరునాటి నుంచి ఈ తలుపు మూసుకుంటుంది కాబట్టి, చేసేది ఏదైనా సర్వీసులో ఉండగానే చేయాలి.

సుబేదార్ గారి మాటను నేను గౌరవిస్తాను. సీవో గారి ఇంటర్వ్యూతో మొదలుపెట్టడం ఉచితమే. ఎర్ర సిరా ఎంట్రీలను యాంత్రికంగా లెక్కపెట్టకూడదనీ, నేర స్వభావం, సర్వీసు కాలం, కఠిన ప్రాంతాల్లో చేసిన సేవ చూడాలనీ వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పిన మాట కూడా ఆయన అభిప్రాయానికి దగ్గరగానే ఉన్నది. అది నాలుగు ఎర్ర సిరా ఎంట్రీల ఆధారంగా సర్వీసు నుంచి పంపివేసిన కేసు గనుక మీ అన్న విషయానికి నేరుగా వర్తించదు. అయినా ఫిర్యాదులో ఒక పేరాలో ప్రస్తావించవచ్చు.

కానీ ప్రమోషన్ ఫలితం వచ్చేవరకు ఆగుదామన్న ఆలోచనతో నేను ఏకీభవించలేను. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పింఛను వంటి విషయాల్లో నెలనెలా అన్యాయం కొనసాగుతుంది గనుక ఆలస్యాన్ని మన్నించవచ్చునంటూనే, సీనియారిటీ, ప్రమోషన్ వంటి విషయాల్లో, ఇతరుల స్థిరపడిన హక్కులు కదిలే చోట, ఆలస్యం ఆ కోరికను చంపుతుందని కూడా చెప్పింది. ఈరోజు ఈ ఎంట్రీ మీ అన్న ఒక్కరి విషయం. రేపు వేరొకరు ఆ ఖాళీలో నాయబ్ సుబేదార్ అయిన తరువాత అది ఇద్దరి విషయం అవుతుంది.

ట్రిబ్యునల్ సంగతి చివరగా చెబుతాను. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం 2007 ప్రకారం, ముందు ఆర్మీలోనే ఉన్న మార్గాలు ముగించుకుని రావాలి. ఫిర్యాదు ఇచ్చి ఆరు నెలలైనా ఉత్తర్వు రాకపోతే ఆ మార్గం ముగిసినట్టే లెక్క. అక్కడి నుంచి మరో ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. శిక్ష పడినది 2013లో కాబట్టి ఆలస్యాన్ని మన్నించమన్న దరఖాస్తు తప్పనిసరిగా జతచేయాలి, దానిలో కారణాలు నిజాయితీగా, తేదీలతో ఉండాలి. పాత విషయంపై ఇప్పుడొక అర్జీ పెట్టి, దానికి వచ్చిన జవాబు నుంచి గడువు కొత్తగా మొదలైందని చెప్పడం కుదరదని కూడా సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. మీరు చెన్నై అన్నారు. అది రిటైర్ అయి తెలంగాణలో నివసించేవారికి. సర్వీసులో ఉన్న వ్యక్తి సాధారణంగా తాను పనిచేస్తున్న చోటు గానీ, వ్యాజ్యానికి కారణం పుట్టిన చోటు గానీ ఏ ధర్మాసనం పరిధిలో ఉంటే అక్కడే వేయాలి. మీ అన్న రాజస్థాన్‌లో ఉన్నంత కాలం అది జైపూర్. మరొక జాగ్రత్త: సెలవుకు సంబంధించిన వివాదాలు ఆ చట్టం ఇచ్చిన సర్వీసు విషయాల నిర్వచనంలో లేవు. సమ్మరీ శిక్షల గురించి కూడా ఆ నిర్వచనం డిస్మిసల్‌ను ప్రస్తావిస్తూ మాట్లాడుతుంది. కాబట్టి సెలవు పొడిగించలేదన్న బాధను పిటిషన్‌కు కేంద్రం చేయకూడదు. శిక్ష చట్టవిరుద్ధమన్నదీ, దాని ప్రభావం ప్రమోషన్ మీద పడుతున్నదన్నదీ కేంద్రంగా ఉండాలి, పరిధి ప్రశ్న ఎదురైతే జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. అన్నతో మాట్లాడాను. బ్యాటరీ కార్యాలయంలో అడిగితే కండక్ట్ షీట్ చూపించారట. ర్యాంకు గడిలో గన్నర్ అనే ఉన్నది. లాన్స్ నాయక్ ఫీతీ తనకు ఆ మరుసటి సంవత్సరం, కేడర్ (ప్రమోషన్ శిక్షణ) పూర్తయిన తరువాతనే పడిందని అన్నకు స్పష్టంగా గుర్తున్నది. ఆ పార్ట్ టూ ఆర్డర్ నకలు కోసం దరఖాస్తు ఇచ్చారు. ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం నాకు ఇంట్లోనే దొరికింది, దానిమీద అన్న సంతకం కూడా ఉన్నది.

అయితే అన్నకు కొత్త భయం పట్టుకున్నది. శిక్షను మార్చే అధికారం కూడా పై అధికారికి ఉన్నదన్నారు కదా. ఆ శిక్ష చెల్లదని తేల్చి, దాని బదులు అంతకంటె పెద్ద శిక్ష వేస్తే? లేదా కేసు తిరగదోడి కోర్ట్ మార్షల్ పెడితే? ఈ భయం తీరితే గానీ ఆయన సంతకం పెట్టేలా లేరు.

జవాబు: న్యాయవాది, నల్గొండ

ఆ భయానికి చట్టంలోనే సమాధానం ఉన్నది. సెక్షన్ 80 కింద ఒకసారి శిక్ష పొందిన వ్యక్తిని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదని సెక్షన్ 121 చెబుతుంది. అంతే కాక నేరం జరిగి మూడేళ్ళు దాటిన తరువాత కోర్ట్ మార్షల్ జరపకూడదని సెక్షన్ 122 చెబుతుంది. దీనికి ఉన్న మినహాయింపులు పారిపోవడం, తిరుగుబాటు వంటి తీవ్ర నేరాలకే గానీ సెలవు మీరడానికి కావు. మార్చడం అన్న మాటకు వస్తే, ఖైదు, నిర్బంధం, కట్టడి అనే మూడు శిక్షలనూ ఎన్‌సీవో ర్యాంకులో ఉన్నవారికి ఇవ్వకూడదు కాబట్టి, ఈనాడు హవల్దారుగా ఉన్న మీ అన్నకు అవి వర్తించవు. జరిమానా వంటి చిన్న శిక్షగా మార్చే అవకాశం మాత్రం మిగిలి ఉంటుంది. అది జరిగినా సీవియర్ రెప్రిమాండ్ పోతుంది.

ఫిర్యాదులో కోరికను రెండు మెట్లుగా రాయించండి. మొదటిది, శిక్ష ఇచ్చిన నాటికి తాను గన్నర్ అయినందున సెక్షన్ 81 నాలుగవ ఉపసెక్షన్ ప్రకారం ఆ శిక్ష చెల్లదు, దానిని పూర్తిగా రద్దు చేసి, కండక్ట్ షీట్ నుంచి, దానికి ఆధారమైన పార్ట్ టూ ఆర్డర్ నుంచి తొలగించమని. రెండవది, ఏ కారణం చేతనైనా అది ఒప్పుకోకపోతే, తండ్రి ఆపరేషన్ అనే తగిన కారణాన్ని పరిగణించి శిక్షను అన్యాయమైనదిగా, మితిమీరినదిగా చూసి రద్దు చేయమని. ఈ నిర్ణయం వచ్చేలోగా ప్రమోషన్ పరిశీలన జరిగితే, రద్దు తరువాత పాత తేదీతో తిరిగి పరిశీలించమన్న వాక్యం కూడా తప్పక చేర్చండి. ఆనాటి అధికారుల మీద ఒక్క నిష్ఠూరపు మాట కూడా వద్దు. అవసరమూ లేదు, తేదీలు చాలు.

జవాబు: మాజీ హవల్దార్ క్లర్కు, మిర్యాలగూడ

ఒక్క విషయం కలుపుతాను. ఫీతీ ఆర్డర్ నకలు చేతికి వచ్చేవరకు ఫిర్యాదు ఇవ్వవద్దని చెప్పండి. ర్యాంకులు అప్పుడప్పుడు వెనుక తేదీతో ఖరారవుతాయి. మీ అన్నకు ఫీతీ మరుసటి ఏడాది పడినట్టు గుర్తున్నా, ఆర్డర్‌లో అమలు తేదీ 2013కే వెళ్ళి ఉంటే మొత్తం వాదన తారుమారవుతుంది. ఆ కాగితంలో రెండు తేదీలు ఉంటాయి, ఆర్డర్ వెలువడిన తేదీ ఒకటి, ర్యాంకు అమలులోకి వచ్చిన తేదీ మరొకటి. చూడవలసినది రెండవది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు నకలు మీద బ్యాటరీ కార్యాలయం ముద్ర, అందుకున్న తేదీ వేయించుకోవాలి. ఆరు నెలల లెక్క ఆ ముద్ర నుంచే మొదలవుతుంది.

జవాబు: రిటైర్డ్ సుబేదార్, వనపర్తి

ర్యాంకు గడిలో గన్నర్ అని ఉన్నదని చదివిన తరువాత నా సలహా మార్చుకుంటున్నాను. అమలు తేదీ కూడా మరుసటి ఏడాదే అయితే మీ అన్న నిశ్చింతగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. సీవో గారి ఇంటర్వ్యూ మాత్రం ముందుగా అడగమనండి, ఆ కాగితాలన్నీ వరుసగా ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళమనండి. తన యూనిట్ జవాను తనకు చెప్పకుండా పైకి రాశాడని ఏ సీవో అయినా నొచ్చుకుంటారు. ముందే చెబితే, తన సిఫారసుతో పైకి పంపే సీవోలు చాలామంది ఉన్నారు.